నాచు కన్ను, జెల్లీచేప వెలుగు, ఎలుక మెదడు

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు క్లామిడోమోనాస్ గుర్తుండే ఉంటుంది. మంచినీటి గుంటల్లో బతికే ఏకకణ నాచు. రెండు కశాభాలు గీసి, గిన్నె ఆకారంలో హరితరేణువు వేసి, ఓ పక్కన నారింజరంగు చుక్క పెట్టి భాగాలు గుర్తిస్తే మార్కులు పడేవి. దీని చూపంతా ఆ చుక్క దగ్గరే. మెదడు లేదు, నరం లేదు, ఒళ్లు చూస్తే మిల్లీమీటరులో నూరోవంతు. అయినా వెలుగు ఎటుందో పసిగట్టి అటు ఈదుతుంది. వెలుగు మరీ ఎక్కువైతే వెనక్కి మళ్లుతుంది.

ఆ చుక్కను ఆనుకున్న పొరలోని ప్రోటీన్‌ను ఎలుక మెదడులో కుడివైపు, కదలికలను నడిపే చోట పెట్టి నీలికాంతి వేస్తే ఎలుక ఎడమకు గిరగిరా తిరుగుతుంది. దీపం ఆర్పితే ఆగిపోయి మీసాలు దువ్వుకుంటుంది. ఈ విద్య పేరు ఆప్టోజెనెటిక్స్. మెదడు కణాలను వెలుగుతో ఆడించడం ఇందులో ఒక సగం. వాటి పనిని వెలుగు రూపంలో చూడటం ఇంకో సగం. మెదడు కణానికి సొంతంగా వెలుగు తెలియదు, సొంతంగా వెలగనూ లేదు. అందుకే కావలసిన సరుకంతా బయటివాళ్ల దగ్గర అరువు తెచ్చుకోవలసి వచ్చింది. ఎవరెవరి దగ్గర తెచ్చారో చూస్తే భలే ముచ్చటగా ఉంటుంది.

ఆంబోతును ఆపిన మీట

వెలుగుకు ముందు ఉన్నది కరెంటు. 1963లో స్పెయిన్‌లోని కొర్దోబా దగ్గర, యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన హోసే దెల్‌గాదో పోట్లాటకు పెంచిన ఆంబోతు ఎదుట బరిలో నిలబడ్డారు. దాని మెదడులో అంతకుముందే ఎలక్ట్రోడ్లు అమర్చి ఉంచారు. అది కొమ్ములు వంచి మీదికి దూసుకొస్తుంటే చేతిలోని రేడియో పెట్టె మీట నొక్కారు. ఆంబోతు ఆగింది, పక్కకు తిరిగింది. రెండేళ్ల తర్వాత ఈ కథ న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకెక్కింది.

దాని కోపం చల్లారిందని దెల్‌గాదో అన్నారు. కోపం ఎక్కడికీ పోలేదు, ఒంటిని తిప్పే భాగానికి షాక్ తగిలి తిరిగిందంతే అని తోటి శాస్త్రవేత్తలు పెదవి విరిచారు. తేల్చడం ఎలా? ఎలక్ట్రోడ్ మొన చుట్టూ ఉన్న కణాల్లో ఏది కోపానిది, ఏది కాలిది అని కరెంటు అడగదు. ఒక్కరిని పిలవడానికి మైకు పెట్టి ఊరంతటినీ లేపినట్టుంటుంది దాని పని.

క్రిక్ కోరిన వరం

డీఎన్‌ఏ మెలికల నిర్మాణాన్ని వాట్సన్‌తో కలిసి బయటపెట్టిన ఫ్రాన్సిస్ క్రిక్ నడివయసు దాటాక మెదడు మీద పడ్డారు. 1979లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాస్తూ, ఒక రకం న్యూరాన్లను, అంటే నాడీకణాలను, మాత్రమే ఆపి పక్కవాటిని ముట్టుకోకుండా వదిలేసే పద్ధతి కావాలన్నారు. 1999లో ఓ ప్రసంగంలో ఇంకో అడుగు ముందుకేసి, ఆ పని వెలుగుతో జరిగితే మరీ మంచిదన్నారు. ఇది అందని ఊహలా తోస్తుందని కూడా ఆయనే ఒప్పుకున్నారు.

క్రిక్ 2004 జూలైలో కన్నుమూశారు. ఆ ఊహ నిజమైంది మరుసటి నెలలోనే.

కప్పగుడ్డులో నాచు జన్యువు

అసలు పునాది పడింది జర్మనీలో. నాచు ఎలా చూస్తుందన్నది పీటర్ హేగెమాన్‌ను ఏళ్ల తరబడి పట్టుకున్న ప్రశ్న. మెదడు ఆయన లెక్కలో లేదు. వెలుగు పడిన సెకనులో వెయ్యోవంతు లోపే క్లామిడోమోనాస్‌లో కరెంటు పుడుతోందని ఆయన కొలిచి చూశారు. మన కంట్లో వెలుగు పడటానికీ కరెంటు పుట్టడానికీ మధ్య ప్రోటీన్ల వరుసే ఉంది, ఒకటి ఇంకోదాన్ని లేపాలి. నాచుకు అంత తీరిక లేదు. వెలుగును పట్టే ప్రోటీనూ, అయాన్లను లోపలికి వదిలే ద్వారమూ ఒకటే అయితే తప్ప ఇంత వేగం కుదరదన్నది ఆయన అనుమానం.

ఫ్రాంక్‌ఫర్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో గేయోర్గ్ నాగెల్, ఎర్న్‌స్ట్ బాంబెర్గ్ ఆ జన్యువును ఆఫ్రికా కప్ప గుడ్డులో పెట్టి, వెలుగు వేసి, కరెంటు కొలిచారు. అనుమానం నిజమే. 2002లో చానెల్‌రొడాప్సిన్-1, 2003లో ఇంకా బలమైన చానెల్‌రొడాప్సిన్-2 లోకానికి తెలిశాయి. తర్వాత మెదడు శాస్త్రాన్ని ఏలింది ఆ రెండోదే.

అర్ధరాత్రి దాటాక

స్టాన్‌ఫర్డ్‌లో కార్ల్ డైసెరాత్ అప్పుడే సొంత ప్రయోగశాల పెట్టుకున్న మానసిక వైద్యుడు. రోగులను చూస్తారు, మందులిస్తారు, ఆ మందు మెదడులో ఏ కణం మీద పనిచేస్తోందో చెప్పలేకపోవడం ఆయనకు మింగుడుపడలేదు. నాగెల్‌కు రాసి నాచు జన్యువు తెప్పించుకున్నారు. అక్కడి పరిశోధక విద్యార్థి ఎడ్ బోయ్డెన్ 2004 ఆగస్టులో ఓ అర్ధరాత్రి దాటాక, గాజుపళ్లెంలో పెంచిన ఎలుక న్యూరాన్ మీద నీలికాంతి వేశారు. న్యూరాన్ టక్కున స్పందించింది. ఎన్నిసార్లు వెలుగు మెరిస్తే అన్నిసార్లు.

ఇక్కడ అదృష్టం కూడా కలిసొచ్చింది. ఈ ప్రోటీన్ పనిచేయాలంటే దానికి రెటినాల్ అనే అణువు తగులుకోవాలి. అది విటమిన్-ఎ కుటుంబంలోది. పాలిచ్చే జంతువుల మెదడులో అది కావలసినంత ముందే ఉంది, కొత్తగా పోయాల్సిన పనిలేకపోయింది. ఈగలకూ, నులిపురుగులకూ ఆ భాగ్యం లేదు. ప్రయోగానికి ముందు వాటి మేతలో రెటినాల్ కలిపి పెట్టాలి. విటమిన్-ఎ తినని పురుగుకు ఎంత వెలుగు వేసినా చలనం ఉండదు.

ఆ ప్రయోగం అచ్చయిన 2005 పరిశోధన పత్రంలో రెండో పేరు ఫెంగ్ జాంగ్. అప్పటికి కుర్ర విద్యార్థి. తర్వాత క్రిస్పర్‌తో మనిషి కణాల్లో జన్యువులు కత్తిరించి పేరు తెచ్చుకున్నది ఈయనే. ఒక మనిషికి ఇలాంటివి రెండు తగలడం చూస్తే కొంచెం కుళ్లుగానే ఉంటుంది.

తిరిగొచ్చిన వ్యాసం

చరిత్రలో ఇంకో పేరు ఉండాలి. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జువో-హువా పాన్ కూడా 2004లోనే ఈ ప్రోటీన్‌ను న్యూరాన్లలో పెట్టి వెలుగుతో లేపారు. ఆయన దృష్టి మెదడు మీద కాదు, చూపు పోయిన కళ్ల మీద. పెద్ద పత్రికలు ఆయన వ్యాసాన్ని ఒకదాని తర్వాత ఒకటి తిప్పి పంపాయి. చివరికి న్యూరాన్ అనే పత్రికలో అచ్చయ్యేసరికి 2006 ఏప్రిల్. అప్పటికే బోయ్డెన్, డైసెరాత్‌ల పేర్లు మారుమోగుతున్నాయి. 2013లో ఆప్టోజెనెటిక్స్‌కు పది లక్షల యూరోల బ్రెయిన్ ప్రైజ్ ఆరుగురికి పంచినప్పుడు అందులో పాన్ పేరు లేదు. అయితే 2016లో అమెరికాలోని టెక్సాస్‌లో మొట్టమొదటిసారి మనిషి కంట్లోకి ఈ నాచు జన్యువును ఎక్కించినప్పుడు దాని వెనక ఉన్నది ఆయన పనే.

తల లేని ఈగ ఎగిరింది

వీళ్లందరికంటే ముందే, 2002లో, గేరో మీసెన్‌బ్యోక్ ఈగ కంటి జన్యువులతో ఎలుక న్యూరాన్లకు వెలుగును తెలిసేలా చేశారు. మూడు జన్యువులు కలిపి ఎక్కించాలి, స్పందనకు సెకన్లు పట్టేది, అందుకే ఆ దారి నిలవలేదు. కానీ 2005లో సుసానా లీమాతో కలిసి ఆయన చేసిన ప్రయోగం ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. ఈగ పారిపోవడానికి వాడే నాడీమార్గాన్ని లేజర్ మెరుపుతో లేపే ఏర్పాటు చేశారు. మెరుపు పడగానే ఈగలు ఎగిరి దూకాయి, రెక్కలు కొట్టాయి. కళ్లతో ఆ వెలుగు చూసి బెదిరాయేమో అని అడిగేవాళ్లుంటారు కదా! తలలు తీసేసి మళ్లీ మెరిపించారు. మొండేలూ ఎగిరాయి.

ఉప్పునీటి బాకీ

లేపడం సరే, ఆపడం ఎలా? దానికి ఉప్పుసరస్సులకు పోవాలి. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు, నీరు చిక్కబడే కొద్దీ అందులో బతకగలిగే జీవం తగ్గిపోతుంది. అంత ఉప్పులోనూ హాయిగా ఉండే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. అవి విరివిగా పెరిగితే నీరు ఎరుపుకో గులాబీకో తిరుగుతుంది. 1971లో డీటర్ యోస్టర్‌హెల్ట్, వాల్టర్ స్టోకెనియుస్ అలాంటి జీవి ఊదారంగు పొరలో రెటినాల్‌ను కనిపెట్టారు. అంతవరకు రెటినాల్ తగులుకున్న ప్రోటీన్, అంటే రొడాప్సిన్, జంతువుల కంటి సొత్తు అనుకునేవారు. కన్నే లేని జీవిలో అది ఉందంటే చాలామంది నమ్మలేదు.

ఆ కుటుంబానిదే హేలోరొడాప్సిన్. పసుపు వెలుగు పడితే క్లోరైడ్‌ను కణంలోకి తోసి న్యూరాన్ నోరు మూయిస్తుంది. 2007లో మెదడు పనికి వచ్చిన రకం ఈజిప్టు సోడా సరస్సుల జీవిది. 2010లో బోయ్డెన్ బృందం మృతసముద్రపు జీవి నుంచి ఇంకో ప్రోటీన్ తెచ్చింది, దాని పేరు ఆర్క్. ఇది ప్రోటాన్లను బయటికి తోడి కణాన్ని ఆపుతుంది. ఒకే న్యూరాన్‌లో నీలానికి లేచేదీ, పసుపుకు పడుకునేదీ రెండూ పెట్టొచ్చు.

ఆర్క్ కథ అక్కడితో అయిపోలేదు. 2011లో హార్వర్డ్‌లో ఆడమ్ కోహెన్ బృందం దాన్ని తిరగేసి వాడింది. కణంలో ఓల్టేజీ మారినప్పుడల్లా ఈ ప్రోటీన్ వెలిగే తీరు కూడా కొద్దిగా మారుతుంది. అంటే న్యూరాన్‌ను ఆపడానికి తెచ్చిన వస్తువే అది మాట్లాడుతోందా లేదా అని చెప్పే సాక్షి కూడా అయింది.

ఈ జన్యువులను ఎలా ఎక్కిస్తారు?

వైరస్‌తో. రోగం తెచ్చే గుణం తీసేసిన వైరస్‌లో జన్యువును పెట్టి, మెదడులో కావలసిన చోట సన్నటి సూదితో వదులుతారు. వైరస్ చుట్టుపక్కల కణాలన్నింట్లోకీ దూరుతుంది. కానీ జన్యువుకు ముందు ఓ షరతు తగిలించి ఉంటుంది, ఫలానా రకం న్యూరాన్ అయితేనే పనిచెయ్యి అని. మిగతా కణాల్లో అది ఊరికే పడి ఉంటుంది. కొన్ని వారాలు ఆగి, మిల్లీమీటరులో ఐదోవంతు మందం ఉన్న గాజుతీగ గుండా వెలుగు పంపుతారు. ఆంబోతు మెదడులో కరెంటు చేయలేకపోయిన ఎంపిక ఈ షరతులో ఉంది.

పొట్ట నిండినా ఆకలి, చేతితొడుగు మీద కోపం

2011లో జనేలియా పరిశోధన కేంద్రంలో స్కాట్ స్టెర్న్‌సన్ బృందం ఎలుక హైపోథలమస్‌లోని ఒక రకం కణాలను వెలుగుతో లేపింది. కడుపు నిండా తిన్న ఎలుకలు నిమిషాల్లో మళ్లీ తిండి మీద పడ్డాయి. వందల్లో లెక్కపెట్టగలిగినన్ని కణాలు చాలాయి.

అదే ఏడాది దాయూ లిన్, డేవిడ్ ఆండర్సన్ హైపోథలమస్‌లోనే ఇంకో మూల వెలుగు వేశారు. మగ ఎలుకకు కోపం వచ్చింది. మామూలుగా మగ ఎలుక ఇంకో మగదాన్ని కరుస్తుంది, ఆడదాన్ని కరవదు. ఇప్పుడు ఆడదాన్నీ కరిచింది. గాలి ఊది పెట్టిన రబ్బరు చేతితొడుగునూ కరిచింది. దీపం ఆరగానే చేతితొడుగు మళ్లీ చేతితొడుగే.

దెల్‌గాదో ఆంబోతు దగ్గర తెగని తగువు ఇక్కడ తెగుతుంది. ఫలానా కణాలను లేపితే ఫలానా పని జరిగింది, ఆపితే ఆగింది. మెదడులో ఫలానా భాగం వెలుగుతోంది అని స్కానర్ బొమ్మలు చూపించి రాసే వార్తలన్నీ చెప్పలేని సంగతి ఇదొక్కటే. పక్కపక్కన జరిగేవి రెండు కనిపిస్తే ఒకటి రెండోదానికి కారణం అనుకోవడం మనకు అలవాటు. మీట చేతిలో ఉన్నప్పుడు ఆ అనుమానం ఉండదు.

ప్రొజెక్టర్ వేసిన వాసన

ఎలుక ముక్కు నుంచి వచ్చే నరాలకు నాచు ప్రోటీన్ ఎక్కిస్తే వాసన లేకుండానే వాసన పుట్టించవచ్చు. బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో ఉపీందర్ భల్లా, హార్వర్డ్‌లో వెంకటేశ్ మూర్తి, వీళ్లతో పనిచేసిన ఆశేష్ ధవళే తదితరులు 2010లో ఇలాంటి ఎలుక మెదడు మీద వెలుగు చుక్కలు వేసి చూశారు. సభల్లో స్లైడ్లు చూపించే జాతి ప్రొజెక్టరే అందుకు వాడుకున్నారు. ఒకే చోటి నుంచి కబురు అందుకునే రెండు కణాలు నకళ్లలా పనిచేస్తాయనుకుంటే, ఎంత పలికాయన్నది ఒకటే అయినా ఎప్పుడు పలికాయన్నది వేరని తేలింది.

జరగని సంగతి గుర్తుండటం

ఎంఐటీలో సుసుము తొనెగావా ప్రయోగశాలలో షూ ల్యూ, స్టీవ్ రమీరెజ్ 2013లో చేసిన ప్రయోగం గురించి వినగానే చాలామంది సినిమా కథ అనుకున్నారు. ఎలుకను ఒక పెట్టెలో వదిలారు. అక్కడ ఏమీ జరగలేదు, అది తిరిగి చూసింది, అంతే. ఆ పెట్టెను గుర్తుపెట్టుకున్న హిప్పోకాంపస్ కణాలకు మాత్రం నాచు ప్రోటీన్ అంటుకునేలా ముందే ఏర్పాటుంది. మర్నాడు వేరే పెట్టెలో పెట్టి, మొదటి పెట్టె కణాలను వెలుగుతో లేపుతూ, కాళ్లకు చిన్న షాక్ ఇచ్చారు. తర్వాత మొదటి పెట్టెలోకి తిరిగి తెచ్చారు. ఎప్పుడూ షాక్ తగలని ఆ పెట్టెలో ఎలుక భయంతో బిగుసుకుపోయింది. ఎన్నడూ చూడని మూడో పెట్టెలో మాత్రం మామూలుగా తిరిగింది. అంటే పుట్టింది ఉత్త భయం కాదు, ఫలానా చోట ఫలానాది జరిగిందన్న అబద్ధపు జ్ఞాపకం.

దీన్ని పట్టుకుని రేపు మన బుర్రల్లో ప్రభుత్వాలు జ్ఞాపకాలు పెడతాయని రాసినవాళ్లున్నారు. వైరస్ ఎక్కించాలి, పుర్రెకు రంధ్రం పెట్టాలి, గాజుతీగ దించాలి. ఇంత శ్రమ ఎందుకు? అబద్ధాలు ఎక్కించడానికి మనకు ఇంతకంటే చవకైన సాధనాలు చేతిలోనే ఉన్నాయి.

సింకులో మెరిసిన నీలం

ఇక చూడటం సంగతి. 1961 వేసవిలో ఒసాము షిమోమురా అమెరికా పశ్చిమ తీరంలోని ఫ్రైడే హార్బర్‌లో జెల్లీచేపలు పట్టేవారు. పదహారేళ్ల వయసులో నాగసాకి బాంబు మెరుపును పక్క ఊరి నుంచి చూసిన మనిషి. ఈ జెల్లీచేప అంచు ఎందుకు వెలుగుతుందో తేలక తంటాలు పడుతూ, ఒకరోజు పనికిరాదనుకున్న రసాన్ని సింకులో పారబోశారు. సింకు నీలంగా భగ్గుమంది. అందులోకి సముద్రపు నీళ్లు పారుతున్నాయి, సముద్రపు నీళ్లలో కాల్షియం ఉంది. ఆ ప్రోటీన్‌ను వెలిగించేది కాల్షియమని అలా దొరికింది. పేరు ఈక్వోరిన్. దాన్ని శుద్ధి చేస్తుంటే పక్కన కొద్దిగా ఆకుపచ్చ ప్రోటీన్ కూడా తేలింది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ వేసవిలో కోసినవి పది వేల జెల్లీచేపలు. తర్వాతి ఏళ్లన్నీ కలిపితే ఎనిమిదిన్నర లక్షలు. భార్యా పిల్లలూ సాయం పట్టారు.

ఆ ఆకుపచ్చ ప్రోటీన్‌కే 2008లో రసాయన శాస్త్ర నోబెల్. షిమోమురా, మార్టిన్ చాల్ఫీ, రోజర్ చెన్ పంచుకున్నారు. దాని జన్యువును 1992లో మొదట విడదీసి, అడిగిన చాల్ఫీకీ చెన్‌కూ పంపిన డగ్లస్ ప్రాషర్ మాత్రం పరిశోధనకు డబ్బు అందక ఆ రంగం వదిలేశారు. బహుమతి ప్రకటించిన రోజున ఆయన అలబామాలో ఓ కార్ల దుకాణానికి వ్యాన్ నడుపుతున్నారు. చాల్ఫీ, చెన్ ఖర్చు పెట్టుకుని ఆయన్ను స్టాక్‌హోమ్ తీసుకెళ్లారు. తర్వాత చెన్ ప్రయోగశాలలోనే ఆయన మళ్లీ పనిలో చేరారు. ఈ శాస్త్రంలో ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో లెక్క చూస్తే ఇలాంటి పేర్లు ఇంకా ఉంటాయి.

న్యూరాన్ పలికితే కాల్షియం పొంగుతుంది

విశ్రాంతిలో ఉన్న న్యూరాన్ లోపల కాల్షియం బయటికంటే పదివేల రెట్లు తక్కువ. అది పలికిన క్షణాన కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అందుకే కాల్షియం కనిపిస్తే న్యూరాన్ పలికినట్టే. 1980లలో రోజర్ చెన్ తయారుచేసిన రంగులతో దాన్ని చూసేవారు. 2001లో జపాన్‌లో జునిచి నకాయ్ ఆ జెల్లీచేప ఆకుపచ్చ ప్రోటీన్‌ను ముక్కచేసి, కాల్షియంను పట్టే కాల్మోడ్యులిన్‌తో జతకట్టారు. కాల్షియం తగిలితే వెలుగు పెరుగుతుంది. పేరు జీకాంప్. 2013లో జనేలియావాళ్లు తెచ్చిన ఆరో తరంతో ఒక్కో న్యూరాన్ ఒక్కో పలుకునూ విడిగా చూడటం సాధ్యమైంది.

నకాయ్, కోయిచి కవకామీలతో కూడిన బృందం 2013లో జీబ్రా చేప పిల్ల ఎదుట పారమీసియం ఈదుతుంటే, అది ఎటు కదిలితే చేప మెదడులో వెలుగు చుక్క అటు కదలడం చిత్రించింది. చేప వేటను చూస్తుంటే, మనం చేప చూపును చూస్తున్నాం.

ఆ చేపపిల్లకు పారదర్శకమైన ఒళ్లు, సుమారు లక్ష న్యూరాన్లు. అదే ఏడాది మీషా ఆరెన్స్, ఫిలిప్ కెల్లర్ పలుచటి కాంతిరేకుతో దాని మెదడంతటినీ 1.3 సెకన్లకోసారి బొమ్మ తీశారు. ఎనభై శాతానికి పైగా న్యూరాన్లు విడివిడిగా కనిపించాయి. మన మెదడులో న్యూరాన్లు 8,600 కోట్లు. లెక్క కట్టుకోండి.

పరిశోధక విద్యార్థిని రాసిన జోస్యం

ఎలుక మెదడు చేపపిల్లలా పారదర్శకం కాదు. లోపలి కణాన్ని చూడాలంటే రెండు ఫోటాన్ల సూక్ష్మదర్శిని కావాలి. ఒక పరమాణువు ఒకేసారి రెండు ఫోటాన్లను మింగగలదని మరియా గ్యోపెర్ట్-మాయెర్ గ్యోటింగెన్‌లో తన పరిశోధన సిద్ధాంతంలో రాశారు. అది 1931లో అచ్చయింది. నిరూపించడానికి లేజర్ పుట్టాలి, అందుకే 1961 దాకా ఆగాల్సి వచ్చింది. సూక్ష్మదర్శిని తయారైంది 1990లో, కార్నెల్‌లో విన్‌ఫ్రీడ్ డెంక్ తదితరుల చేతిలో. ఆమెకు 1963లో వచ్చిన నోబెల్ ఇంకో పనికి, అణుకేంద్ర నిర్మాణానికి.

మేట్రిక్స్ చూసిన ఎలుక

2025 ఏప్రిల్‌లో వెలువడ్డ మైక్రాన్స్ పరిశోధనలో ఎలుకకు వీడియో ముక్కలు చూపిస్తూ సుమారు 75,000 న్యూరాన్ల పలుకులు నమోదు చేశారు. ఆ ముక్కల్లో మేట్రిక్స్, మ్యాడ్ మ్యాక్స్ సినిమాలవీ ఉన్నాయి. తర్వాత అదే మెదడు నుంచి ఒక ఘన మిల్లీమీటరు ముక్కను సన్నగా తరిగి తీగల పటం గీశారు. ఆ ముక్కలో 50 కోట్లకు పైగా సైనాప్స్‌లు, అంటే న్యూరాన్ల మధ్య అతుకులు, లెక్కతేలాయి.

రెండు కణాలు చాలు

2019లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రఫాయెల్ యూస్తె బృందం న్యూరాన్ల మాట వినడం, వాటికి చెప్పడం రెండూ ఒకే ఎలుకలో చేసి చూపింది. నిలువు చారలు కనిపిస్తే గొట్టం నాకాలని ఎలుకకు నేర్పారు. చారలు చూసినప్పుడు ఏ కణాలు కలిసి పలుకుతాయో నమోదు చేశారు. తర్వాత ఆ గుంపులో కీలకమైన రెంటిని మాత్రం లేజర్‌తో లేపారు. మిగతావి వాటంతట అవే అందుకున్నాయి, ఎలుక గొట్టం నాకింది. దానికి చారలు నిజంగా కనిపించాయా అని ఎలుకను అడగలేం. నాకిందన్నది మాత్రం నిజం.

జీబ్రా గీతలు చూసిన మనిషి

ఇన్ని ఎలుకల తర్వాత ఓ మనిషి. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బుతో చూపు కోల్పోయిన 58 ఏళ్ల వ్యక్తి. జబ్బు ఉందని తేలి అప్పటికి నలభై ఏళ్లు. జోసే-ఆలెన్ సహెల్, బొటొండ్ రోస్కా బృందం పారిస్‌లో ఆయన ఒక కంట్లోకి నారింజ కాంతికి స్పందించే నాచు ప్రోటీన్ జన్యువును ఎక్కించింది. వెలుగును గ్రహించే కణాలు ఎప్పుడో పోయాయి. మిగిలి ఉన్న కణాలనే వెలుగు తెలిసేలా చేయడం ఇందులో కిటుకు. ఎదుటి దృశ్యాన్ని కెమెరాతో పట్టి నారింజ మెరుపులుగా కంట్లోకి వేసే కళ్లజోడు కూడా ఇచ్చారు.

నెలలు గడిచాయి, ఏమీ లేదు. ఓరోజు వీధిలో నడుస్తుంటే రోడ్డు మీది జీబ్రా గీతలు కనిపించాయని ఆయనే చెప్పారు. తర్వాత పరీక్షల్లో బల్లమీది పెద్ద నోటుపుస్తకాన్ని 92 శాతం సార్లు కనిపెట్టారు. చిన్న స్టేపుల్ పిన్నుల డబ్బాను 36 శాతం సార్లే. ఈ ఫలితం 2021లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. ఆయన మొహాలు గుర్తుపట్టలేరు, చదవలేరు. చీకటిలో ఉన్న మనిషికి రోడ్డు గీతలు కనిపించడమే పెద్ద సంగతి అని నేననుకుంటాను.

కంటిని ముందు ఎంచుకోవడానికి కారణం సులువే. వెలుగు లోపలికి పోవడానికి దారి దేవుడే పెట్టాడు. మెదడుకు ఆ దారి లేదు. నీలికాంతి మెదడు కణజాలంలో ఒకట్రెండు మిల్లీమీటర్లు పోయేసరికి చెదిరి నీరసపడుతుంది.

గుండెకు దీపం

అందుకే బలహీనమైన వెలుగుకూ గట్టిగా స్పందించే ప్రోటీన్ కోసం గాలించారు. ఓ సముద్రపు ఏకకణ జీవి నుంచి దొరికింది కార్మైన్. 2023లో డైసెరాత్ బృందం దాన్ని ఎలుక గుండె కండరాల్లో పెట్టి, ఒంటికి దీపమున్న చిన్న కోటు తొడిగింది. కోత లేదు, తీగ లేదు. బయటి దీపం మెరిసినంత వేగంగా గుండె కొట్టుకుంది, నిమిషానికి 900 సార్లు. ఎలుకకు మామూలుగా 660.

భయమేస్తే గుండె కొట్టుకుంటుందా, గుండె కొట్టుకుంటే భయమేస్తుందా? ఒంటి మార్పే ముందంటూ విలియం జేమ్స్ 1884లో లేవదీసిన తగువు ఇది. గుండె వేగం పెంచిన ఎలుకలు నిలకడైన చోట మామూలుగానే ఉన్నాయి. ప్రమాదం ఉండగల చోట మాత్రం మూలకు నక్కాయి. మెదడులో ఇన్సులా అనే భాగాన్ని వెలుగుతోనే ఆపితే ఆ జంకు తగ్గింది. అంటే జేమ్స్ సగం గెలిచారు.

వెలుగు పోలేని చోటికి శబ్దం పోతుందని ఇంకో దారి తొక్కినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో సాక్ సంస్థలోని శ్రీకాంత్ చలసాని 2015లో నులిపురుగు న్యూరాన్లను అల్ట్రాసౌండ్‌తో కదిలించారు. తర్వాత ఎలుక కాలిని కూడా. చలసాని అన్న ఇంటిపేరు వినగానే కృష్ణా జిల్లావాళ్లు చుట్టరికం వెతుక్కుంటారని వేరే చెప్పాలా!

చర్మాన్నే గాజు చేస్తే?

2024 సెప్టెంబరులో స్టాన్‌ఫర్డ్‌వాళ్లు సైన్స్ పత్రికలో ఓ వింత రాశారు. టార్ట్రజీన్ అనే పసుపు రంగు నీళ్లలో కలిపి బతికున్న ఎలుక నెత్తిన పూస్తే కొద్ది నిమిషాల్లో చర్మం పారదర్శకమై, మెదడు మీది రక్తనాళాలు కనిపించాయి. పొట్ట మీద పూస్తే పేగుల కదలికలు కనిపించాయి. రంగు నీలికాంతిని మింగేయడంతో, ఎర్రకాంతి విషయంలో చర్మంలోని నీరు వెలుగును వంచే తీరులో చుట్టూ ఉన్న కొవ్వుతో, ప్రోటీన్లతో సరితూగి వెలుగు చెదరడం తగ్గుతుంది. కడిగేస్తే చర్మం మళ్లీ మామూలే.

టార్ట్రజీన్ మన దేశంలోనూ ఆహారానికి అనుమతి ఉన్న రంగే. మిఠాయిల్లో, శీతల పానీయాల్లో మనం దాన్ని మింగుతూనే ఉన్నాం. అలాగని లడ్డూల రంగు తెచ్చి నెత్తికి రాసుకోవద్దు. మనిషి చర్మం ఎలుకదానికంటే దాదాపు పదిరెట్లు మందం. దాని కింద పుర్రె ఉండనే ఉంది.